క్లాసు అయిపోయాక మేమెక్కడికి పోతాం?

మార్కులొక్కటే చాలవని ఇప్పుడు కొత్తగా చెబుతున్నారు. ఆనర్స్ చదివేవాడు డిబేట్లు చేయాలి, నాటకం ఆడాలి, ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి పోవాలి, ఇంటర్న్‌షిప్ చేయాలి, సెమినార్‌లో పేపరు చదవాలి. బాగానే ఉంది. మేమూ కాదనం. కానీ ఆ సర్టిఫికెట్ల ఫైలు మా పిల్లల చేతుల్లో ఎందుకంత పల్చగా ఉంటుందో ఎప్పుడైనా అడిగారా?

అడగరు. ‘మీవాళ్లు కలవరండీ’ అని తేల్చేస్తారు.

కలవకపోవడం గురించే మాట్లాడుకుందాం. క్లాసులు అయిపోగానే మీవాడు ఆడిటోరియంకి పోతాడు. మావాడు మామూ పంక్చర్ షాపుకి పోతాడు. వాడి చెల్లెలు లాడ్ బజార్‌కి పోయే గాజులకు రాళ్లు అతుకుతూ కూర్చుంటుంది. లెక్క డజనుకింత. ఇవన్నీ క్లాసు బయట చేసే పనులే, కాకపోతే వీటికి క్రెడిట్లు లేవు. గిరాకీతో బేరమాడటం, గల్లా లెక్క తేల్చడం, నాలుగు రకాల మనుషులతో మూడు భాషల్లో నెగ్గుకురావడం ఏసీ గదిలో నేర్చుకుంటే ‘స్కిల్’ అవుతుంది. గల్లీలో నేర్చుకుంటే బతుకుతెరువు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. పది నెలలు! జీతం లేకుండా పది నెలలు పనిచేయగల పిల్లవాడు ఎవరింట్లో పుడతాడు? ఇంటర్న్‌షిప్ ఇప్పించే బాబాయి, సిఫారసు చేసే మేనమామ ఎవరికి ఉంటారు? మా మామూకి తెలిసిన కంపెనీ ట్యూబుల కంపెనీ ఒక్కటే. 2022 డిసెంబరులో యూజీసీ నాలుగేళ్ల డిగ్రీకి చట్రం గీసింది. మూడేళ్లకు 120 క్రెడిట్లు, ఆనర్స్‌కి 160. పరిశోధనతో ఆనర్స్ కావాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం రావాలి. వస్తుందనే అనుకుందాం. ఆ నాలుగో ఏడు ఇల్లెవరు నడపాలి? ఆ పైన పీహెచ్‌డీ చేద్దామంటే, మైనారిటీల కోసం 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని సరిగ్గా అదే డిసెంబరులో ఆపేశామని పార్లమెంటులో చెప్పారు. ఒక చేత్తో నిచ్చెన వేస్తూ ఇంకో చేత్తో పై మెట్లు ఊడబీకారు.

సచార్ కమిటీ 2006లోనే లెక్క తీసింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే 50 మందిలో ఒక్కరు ముస్లింలు. ఆ ఒక్కడి అవస్థ చూడండి. డిబేటులో పేరిస్తే వాడికి తలాక్ మీదో టెర్రరిజం మీదో మాట్లాడమని అంశం వస్తుంది. నదీజలాల మీద, బడ్జెట్ మీద వాడికి అభిప్రాయం ఉండదా? నాటకానికి పోతే సాయెబు వేషం సిద్ధంగా ఉంటుంది: గళ్ల లుంగీ, వంకర తెలుగు, లేదా గడ్డమూ బాంబూ. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగు మాట్లాడే దూదేకుల పిల్లవాణ్ణి కూడా ‘నీకు తెలుగు బాగా వచ్చే’ అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బ అని మెచ్చుకునేవాళ్లకి తెలియదు. వాళ్లలో సెక్యులర్ మిత్రులే ఎక్కువ.

మాకు కళలు కొత్తవేం కాదు. 1918లో పుట్టిన ఉస్మానియా ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. మఖ్దూం మొహియుద్దీన్ అక్కడే చదువుకున్నాడు, నాటకాలు రాశాడు, తర్వాత సాయుధపోరాటంలోకి నడిచాడు. ఆయన ‘కలవని’వాడా?

ఇక మా ఇంటి సంగతి. ఇది చెప్పకపోతే మేం అబద్ధాలకోరులమవుతాం. కొడుకు క్యాంపుకి పోతానంటే చార్జీలకి ఉందో లేదో చూసే అబ్బా, కూతురు పోతానంటే ‘జమానా బాగాలేదు’ అంటాడు. జమానా కొడుక్కి మాత్రం బాగానే ఉందా? పాట హరామని ఒకరు, స్టేజీ ఎక్కితే నిఖా కాదని మరొకరు. మా పెద్దమనుషులు షాదీఖానాలు కట్టించమని ఎమ్మెల్యేల చుట్టూ తిరిగారు గానీ, బస్తీకో లైబ్రరీ కావాలని ఎన్నిసార్లు అడిగారు? డబ్బున్న ఖాందానీలు తమ పిల్లల్ని విదేశాలకు పంపి, మాకు సబర్ గురించి బయాన్లు చెబుతారు.

అయితే మా అబ్బాల భయమే మీకు సాకు కాకూడదు. 2022 ఫిబ్రవరిలో కర్ణాటకలో తలమీద గుడ్డ ఉందని కాలేజీ గేటు దగ్గరే అమ్మాయిల్ని ఆపారు. దాన్ని టీవీలో చూసిన తండ్రి మర్నాడు తన బిడ్డని ఏడు రోజుల క్యాంపుకి నవ్వుతూ పంపాలా?

మాకు కావలసింది జాలి కాదు. ఇంటర్న్‌షిప్‌కి స్టైపెండ్ ఇవ్వండి. రిహార్సల్స్ క్లాసు టైములోనే పెట్టండి, ఆరింటికి మొదలుపెట్టి మా బస్సు పోగొట్టకండి. షాపులో చేసిన పనికీ క్రెడిట్లు లెక్కగట్టండి. సాయెబు వేషం ఇంకొకరికిచ్చి, మావాడికి అల్లూరి వేషం ఇచ్చి చూడండి.

ఈసారి ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి మా అమ్మాయి పేరు మేమే రాయిస్తున్నాం. రాత్రి బస ఎక్కడో, వెంట ఏ మేడం ఉంటారో ముందే కాగితం మీద రాసివ్వండి. అబ్బాకి చూపించాలి.