ఆకాశంలో మరమ్మతు

దిల్‌సుఖ్‌నగర్‌లో బాగుపడని వస్తువంటూ లేదని ఆ ప్రాంతం వారికి గట్టి నమ్మకం. మిక్సీ కాలిపోయినా, ఫ్యాను మొరాయించినా, సెల్‌ఫోను బకెట్లో పడినా, నాలుగడుగులు వేస్తే ఎవరో ఒకరు స్క్రూడ్రైవరు పట్టుకుని సిద్ధంగా వుంటారు. అందుచేత ఎల్బీనగర్ నుంచి ఒక సోదరి వేసిన ప్రశ్న సహజమైనదే. "ఆకాశంలోకి పంపిన ఉపగ్రహం పాడైతే ఎవరు వెళ్ళి బాగుచేస్తారండీ?" అని అడిగారు.

ఎవరూ వెళ్ళరమ్మా. హబుల్ దూరదర్శినికి మాత్రం 1993 మొదలు 2009 దాకా అమెరికా వ్యోమగాములు అయిదుసార్లు వెళ్ళి మరమ్మతు చేసివచ్చారు. అది కలవారింటి వైభోగం. మన ఉపగ్రహాలకు ఆ యోగం లేదు.

తిరిగివచ్చే యంత్రాన్ని చూడాలంటే మీరు దూరం పోనక్కరలేదు. నాగోలు, ఉప్పల్ మీదుగా ఇ.సి.ఐ.ఎల్. వైపు వెళితే అక్కడ టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం వున్నది. 1969 నుంచీ వున్నది. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌కిరణాలను పట్టే యంత్రాన్ని పెద్ద బెలూనుకు కట్టి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పంపుతారు. పని ముగిశాక అది పారాచూటుతో ఏ చేలోనో దిగుతుంది. మనుషులు వెళ్ళి తెచ్చుకుంటారు. విప్పి చూడవచ్చు, తీగ ఊడితే అతకవచ్చు.

ఉపగ్రహం అట్లా కాదు. ఒకసారి గడప దాటిందా, దానికీ మనకూ మిగిలేది రేడియో సంబంధమే. అది తన ఒంటి వేడి యింత, బ్యాటరీలో బలం యింత అని చెబుతూ వుంటుంది. మనం ఇది వెలిగించు, అది ఆర్పు అని ఆజ్ఞలు పంపుతూ వుంటాము. ఏదైనా పెద్ద తేడా వస్తే అది మన ఆజ్ఞ కోసం ఆగదు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఒక దీపమూ ఒక ఫ్యానూ వుంచుకుని మిగతావన్నీ కట్టేస్తాము చూడండి, అట్లాగే ప్రయోగాలన్నీ ఆపి, సౌరఫలకాలను సూర్యుడి వైపు తిప్పుకుని, కిందివారి మాట కోసం ఎదురు చూస్తుంది.

ఆ తరువాత కిందివారికి వచ్చే చిక్కు ఒకటే. ఏది వదులుకోవాలి?

మొట్టమొదటి ఉపగ్రహంతోనే మనవారికి ఈ పరీక్ష వచ్చింది. 1975 ఏప్రిల్ 19న రష్యా రాకెట్టు మీద ఆర్యభట్ట వెళ్ళింది. 360 కిలోల బరువు, లోపల మూడు ప్రయోగాలు. నాలుగు రోజులు గడిచేసరికి ఆ ప్రయోగాలకు విద్యుత్తు అందించే ఏర్పాటు దెబ్బతిన్నది. ఏళ్ళ తరబడి కూర్చుని యంత్రాలు కట్టినవారి శ్రమ అక్కడితో ఆగిపోయింది. వాళ్ళ మనసులు ఎట్లా వుండి వుంటాయో ఇల్లాళ్ళకు నేను వేరే చెప్పనక్కరలేదు. పండగనాడు వండిన వంట పొయ్యిమీదనే మాడినట్లు! అయినా ఉపగ్రహం నడపడమంటే ఏమిటో మనవారు నేర్చుకున్నది దాని దగ్గరే.

చంద్రయాన్-1ది మరో కథ. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరింది. చంద్రుడి దగ్గర అనుకున్నదానికంటే వేడి ఎక్కువైంది. యంత్రాలన్నీ ఒక్కసారి నడపడం మానుకుని, వంతుల వారీగా నడిపారు. తరువాత నక్షత్రాలను చూసి దిక్కు తెలుసుకునే పరికరాలు పోయాయి. అంటే కళ్ళు పోయాయన్నమాట. ఒంటి తిరుగుడును కొలిచే గైరోస్కోపుల సాయంతో తడుముకుంటూ నడిపించారు. రెండేళ్ళు అనుకున్నది 312 రోజులకు, 2009 ఆగస్టు 29న, మాట ఆపేసింది. నా మట్టుకు నాకు ఆ చివరి నెలల పనే అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. పత్రికలు మాత్రం "విఫలమా, సఫలమా" అని తగవు పెట్టుకుని కూర్చున్నాయి.

ఇక ఆస్ట్రోశాట్. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే వెళ్ళింది. ఖగోళం కోసమే మనదేశం కట్టిన మొదటి ఉపగ్రహం. 650 కిలోమీటర్ల ఎత్తున, గంటన్నర దాటి ఒక చుట్టు. బెంగుళూరు కేంద్రానికి అది కనిపించేది చుట్టుకు కొద్ది నిమిషాలే. పైనుంచి సమాచారం దించుకోవడం, ఆజ్ఞలు ఎక్కించడం అంతా అప్పుడే. బ్రెజిల్ దాపున ఆకాశంలో విద్యుత్కణాలు దట్టంగా వుండే చోటొకటి వున్నది. అక్కడికి చేరేసరికి సున్నితమైన యంత్రాల వోల్టేజి తగ్గించాలి. గాలివాన వస్తే కిటికీలు మూసినట్లు, రోజుకు అనేకసార్లు.

ఇంత జాగ్రత్త పడినా 2018లో రెండు దెబ్బలు తగిలాయి. ఎక్స్‌కిరణాలు పట్టే మూడు జంట యంత్రాలలో ఒకదాన్ని ఆపేయవలసి వచ్చింది. లోపలి వాయువు కారిపోయింది, మళ్ళీ నింపడానికి సిలిండరు బండి అక్కడికి రాదు గదా! మరో యంత్రం వరస కూడా అంత బాగులేదు. అతినీలలోహిత దూరదర్శినిలో ఒక విభాగమూ ఆ ఏడాదే మూగబోయింది.

ఆయుర్దాయం అయిదేళ్ళని లెక్కకట్టి పంపిన ఆ ఉపగ్రహానికి 2025 సెప్టెంబరులో పదేళ్ళు నిండాయి. ఎక్స్‌కిరణాల పనిలో ఎక్కువ బరువు మిగిలిన ఆ ఒక్క యంత్రం మీదనే పడింది. మూడు కట్టి పంపడం ఎందుకు, ఒకటి చాలదా అని ఎవరైనా అడిగితే, సోదరి ఈ మాట చెప్పవచ్చు.