మట్టి చదువులో మన పేరెక్కడ?

వ్యవసాయ కళాశాలల తరగతి గదుల్లో ఇవాళ ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో కనిపిస్తున్నారు. సంతోషించాల్సిన విషయమే. నేను బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరిన రోజుల్లో మా బ్యాచిలో అమ్మాయిలం వేళ్ళమీద లెక్కపెట్టేంత మందిమి. "ఆడపిల్లకి నాగలి చదువెందుకు, హోంసైన్సు చదివించండి" అని మా నాన్నకి చాలామంది సలహా ఇచ్చారు. అలా అన్నవాళ్ళ పొలాల్లో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళే. ఆ సంగతి వాళ్ళకి తట్టలేదు.

తలుపు తెరుచుకున్నంత మాత్రాన సరిపోతుందా? లోపల చెప్పే చదువులో రైతు అంటే ఎవరు? నా అనుభవంలోంచి రెండు సంగతులు చెబుతాను.

ఆఖరి సంవత్సరం మమ్మల్ని ఒక పంటకాలం పల్లెలకు పంపారు. నాకు కేటాయించిన రైతు పొలంలో మట్టి నమూనా తియ్యాలి. ఎనిమిది పది చోట్ల ఆరంగుళాల లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వి, మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు పారేస్తూ చివరికి అరకిలో మిగుల్చుకోవాలి. రైతు ఊళ్ళోకి వెళ్ళాడు. ఆయన భార్య నా వెంట వచ్చింది. ఒక మూల గడ్డపార ఎత్తగానే ఆపింది. "గాడ తవ్వకు బిడ్డా, అది చౌడు. దాన్ల కలిపితే చేనంత చౌడని వస్తది" అంది. మా పుస్తకంలో ఉన్నదీ అదే: తేడాగా ఉన్న చోటి మట్టిని మిగతాదానిలో కలపకూడదు. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు. సంచిలో పెట్టే చీటీ మీద 'రైతు పేరు' అన్న గడి ఉంది. అందులో నేను ఆమె భర్త పేరు రాశాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. చదువు నాకు అలా అలవాటు చేసింది.

రెండోది పత్తి. సంకర విత్తనోత్పత్తి పాఠంలో సాయంత్రం మొగ్గలోంచి కేసరాలు గోటితో తీసెయ్యడం, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడి అద్దడం నేర్చుకున్నాం. నాకు మంచి మార్కులొచ్చాయి. గద్వాల వైపు, కర్నూలు వైపు సీడు పత్తి చేలల్లో ఈ పనే 'క్రాసింగు' పేరుతో బడి మానిన ఆడపిల్లలు సీజనంతా చేశారని ఆ పాఠం చెప్పలేదు. చిన్న వేళ్ళకి పని చురుగ్గా సాగుతుందనీ, కూలి తక్కువనీ వాళ్ళని పెట్టుకున్నారు. 2016 చట్ట సవరణ పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించింది. కానీ బడి వేళల తర్వాత కుటుంబ పనిలో సాయపడవచ్చన్న మినహాయింపు ఉంచింది. పొలం పనిలో ఆ మినహాయింపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో మనకు తెలుసు.

శాస్త్రానికి ఆడా మగా తేడా ఏమిటని అడుగుతారు. నిజమే, భాస్వరానికి లేదు. సలహా ఎవరికి అందుతుందన్న దాంట్లో మాత్రం ఉంది. ఫలానా ఎరువు ఇంత వెయ్యమన్న కాగితం ఆయన జేబులోకి పోతుంది, ఎరువు చల్లేది ఆమె. 2015లో సాయిల్ హెల్త్ కార్డులు వచ్చాయి. భూమి కాగితాల్లో పేరు లేని ఆడమనిషికి అవీ దూరమే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సాగు కమతాల్లో దాదాపు 14 శాతమే స్త్రీల పేర ఉన్నాయి. కూతురికి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలోనే, దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వచ్చింది గానీ పట్టా రాలేదు. మహిళా రైతుల హక్కుల కోసం ఎం.ఎస్. స్వామినాథన్ 2012లో రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. ఇప్పుడు ఐక్యరాజ్యసమితి 2026ని మహిళా రైతుల సంవత్సరంగా ప్రకటించింది. సభలు జరుగుతాయి, శాలువాలు కప్పుతారు. వాటితో ఆగిపోకూడదు.

మనం అడగాల్సినవి ఇవి. మట్టి పరీక్ష మొదలు పంట నష్టపరిహారం దాకా ప్రతి కాగితంలో సాగుచేసే స్త్రీ పేరు ఉండాలి, పట్టా ఉన్నా లేకున్నా. విత్తనోత్పత్తి పాఠంలో ఆ పని చేసే చేతుల గురించీ, వాళ్ళ కూలి గురించీ చెప్పాలి. ఎకరాకి దిగుబడి లెక్కతో పాటు కలుపు తీసే మనిషి నడుంనొప్పి కూడా పరిశోధనాంశం కావాలి.

ఇప్పుడు ఆ కోర్సు చదువుతున్న అమ్మాయిలకు ఒక మాట. నేను రాసిన చీటీ దిద్దే వీలు నాకు లేదు. మీ చేతిలోకి ఆ చీటీ వచ్చినప్పుడు, గుంట ఎక్కడ తవ్వాలో చెప్పిన మనిషిని "అమ్మా, నీ పేరేంటి?" అని అడగండి. గడి చిన్నదైతే పక్కనే రాయండి.