నలుగురు కూర్చునే టబ్బు, ఒక్కరు కడిగే టబ్బు

గాలి కొడితే లేచి నిలబడే వేడినీళ్ళ టబ్బును మా ఇంటికి రానివ్వనని అన్నప్పటి నుంచి బంధువుల్లో నాకు "పాతకాలం మనిషి" అని పేరు పడిపోయింది. పడనీ. నా కారణాలు నాకున్నాయి. రేపో మాపో మీ ఇళ్ళల్లోనూ ఈ మాట వస్తుంది కాబట్టి వివరంగానే రాస్తున్నాను.

ఇది ఎండాకాలంలో పిల్లలు ఆడుకునే గాలి తొట్టి లాంటిదే. కాకపోతే పెద్దది, మందంగా ఉంటుంది. పక్కన ఒక పెట్టె. గాలి కొట్టే మోటారు, నీళ్ళు తిప్పే పంపు, హీటరు, వడపోత అన్నీ అందులోనే. నీళ్ళు 40 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, అడుగు నుంచి బుడగలు వస్తాయి, నలుగురు కూర్చోవచ్చు. పెనుకొండలో మా మరిది వాళ్ళ మిద్దె మీద ఒకటి రెండేళ్ళు ఉండింది. ఎనభై వేల పైన పడిందది. ఇప్పుడు హిందూపురంలో మాకూ ఒకటి కావాలట, "ఈసారి మంచి కంపెనీది" చూస్తారట. అన్నదమ్ములిద్దరూ మాట్లాడేసుకున్నారు. కంపెనీ ఏదైనా నా వాదన మారదు కాబట్టి పేర్లు నాకు అనవసరం.

ముందు నీళ్ళ సంగతి. నలుగురి టబ్బుకు దాదాపు 800 లీటర్లు పడతాయి. లీటర్లు చెప్తే మనకు కంటికి ఆనదు, బిందెల్లో చెప్తాను. 15 లీటర్ల బిందెతో యాభై మూడు బిందెలు. పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలని జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న లెక్క. అంటే పద్నాలుగు మంది ఒకరోజంతా తాగి, వండుకుని, స్నానం చేసి, బట్టలు ఉతుక్కునే నీళ్ళు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పడిందనుకునే ఉమ్మడి అనంతపురం జిల్లా మనది. శ్రీశైలం వెనక నుంచి మెట్టు మెట్టుగా ఎత్తిపోస్తే, హంద్రీ-నీవా కాలువ పట్టుకుని పెనుకొండ దగ్గర గొల్లపల్లి రిజర్వాయరుకు కృష్ణ నీళ్ళు వస్తాయి. అక్కడి నుంచి పైపుల్లో హిందూపురానికి. అంత దూరం నడిచొచ్చిన నీళ్ళను మందు కలిపి, రెండు వారాలు కూర్చుని, మిద్దె తూములోకి వదలాలి. ఆ మందు నీళ్ళు మల్లెచెట్టుకు పోయడానికి కూడా మనసొప్పదు.

కుళాయి నీళ్ళు రాని రోజుల్లో బోరు నీళ్ళే గతి. మన బోరు నీళ్ళ గుణం గిన్నెలు తోమే ప్రతి ఆడమనిషికీ తెలుసు. గీజరు కాయిలు మీద తెల్లగా గట్టిగా పేరుకునే ఆ సున్నం టబ్బు హీటరును వదిలిపెడుతుందా? పైగా నీళ్ళను వేడిచేసే కొద్దీ ఆ సున్నం ఎక్కువగా విడిపోయి కాయిలు మీద కూర్చుంటుంది. కూర్చునే కొద్దీ హీటరు ఎక్కువసేపు కాలాలి. చివరికి అదే మాడిపోతుంది. కొన్ని కంపెనీలు ఉప్పునీళ్ళకు తట్టుకునే ఏర్పాటు ప్రత్యేకంగా పెట్టామని ప్రకటించుకుంటాయి. జబ్బు లేకపోతే మందు ఎందుకు అమ్ముతారు చెప్పండి?

పెనుకొండ టబ్బు కథ ఇలాగే నడిచింది. మొదటి చలికాలం బాగుంది. ఎండాకాలం మిద్దె మీది వేడికి లోపలి గాలి ఉబ్బి, మధ్యాహ్నం తబలాలాగా బిగుసుకునేది. కొంచెం గాలి తీయాలి, రాత్రికి మెత్తబడితే మళ్ళీ కొట్టాలి. మూడో నెలకో నాలుగో నెలకో ఒక అతుకు దగ్గర సన్నగా గాలి పోవడం మొదలైంది. సబ్బు నీళ్ళు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో వెతికి అతుకు వేశారు. రెండో చలికాలానికి పెట్టె మీద ఏదో ఎర్రర్ నంబరు వెలిగి హీటరు ఆగిపోయింది. ఫోన్ చేస్తే, ఉప్పునీళ్ళ వల్ల వచ్చే నష్టం వారంటీ కిందికి రాదన్నారు. కొత్త పెట్టె తెప్పించుకోవాలంటే టబ్బు ధరలో సగం పైన. ఆ టబ్బు మూత ఇప్పుడు ఎండబోసిన శనక్కాయల మీద కప్పడానికి బాగా పనికొస్తోంది. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి, మంచి మూత.

ఈ రెండేళ్ళలో దాన్ని కనిపెట్టుకుని ఉన్నదెవరు? మా తోడికోడలు. వడపోత గుడ్డ తీసి మూడు రోజులకోసారి కడగాలి. క్లోరిన్ ఎంతుందో కాగితం పట్టీ ముంచి రంగు చూడాలి. గోడలకు పట్టిన జిడ్డు తుడవాలి. తలకు నూనె పెట్టుకుని దిగొద్దని చెప్పినా దిగే పిల్లల వెనకాల తేలే పొరను జల్లెడతో తీయాలి. నీళ్ళు మార్చిన రోజు టబ్బు లోపలికి దిగి, వంగి, మూలమూలా రుద్దాలి. అందులో కూర్చుంటే ఎట్లుంటుందని ఒకసారి అడిగాను. "నాకేం తెల్సక్కా? దాన్ని కడిగేది ఎట్లనో అడుగు, చెప్తా" అంది. అదే నెలలో తనకు నడుము పట్టేసింది. నడుము నొప్పికి వేడినీళ్ళు మంచివని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మా మరిది అంటాడు, "అమెరికాలో మూడేళ్ళు, ఐదేళ్ళు వాడుకుంటున్నారు వదినా, మనవాళ్ళకు జాగ్రత్త లేదు గానీ" అని. వాడుకుంటారు, నేను కాదనను. నీళ్ళలో సున్నం తక్కువున్న ఊరు, నీడ ఉన్న పెరడు, ఫోన్ చేస్తే వారంలో ఇంటికొచ్చే విడిభాగం ఉన్నచోట వస్తువు మన్నుతుంది. వస్తువు మన్నిక వస్తువులోనే ఉండదు, చుట్టూ ఉన్న ఊళ్ళో ఉంటుంది. ఇక ఆ "జాగ్రత్త" అనే మాట. అది ఎవరి జాగ్రత్త? కరెంటుతో నడిచేది పంపు ఒక్కటే. మిగతాదంతా ఇంటి ఇల్లాలి చేతులతో నడుస్తుంది. వస్తువు పాడైతే ఆమె జాగ్రత్త లేకపోవడం, బాగుంటే కంపెనీ గొప్పతనం.

ఆన్‌లైన్‌లో చుక్కలు చూసి కొంటారు కదా, ఆ చుక్కలు ఎప్పుడు పెడతారో గమనించారా? డబ్బా విప్పిన వారంలో. గాలి నిలిచింది, బుడగలొచ్చాయి, ఐదు చుక్కలు. రెండేళ్ళకు అది అటకెక్కినప్పుడు మళ్ళీ వెళ్ళి చుక్కలు చెరిపేసి వచ్చేవాళ్ళు ఎంతమంది? మన్నిక గురించి తెలిసేది వాడి పక్కన పడేసినవాళ్ళకే, వాళ్ళేమో రాయరు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 800 లీటర్లను 25 నుంచి 40 డిగ్రీలకు తేవడానికి సుమారు 14 యూనిట్లు కావాలి. రెండు కిలోవాట్ల హీటరుతో ఏడు గంటలకు తక్కువ కాదు. అవే 14 యూనిట్లతో ఇరవై లీటర్ల బకెట్లు ముప్పై కాగుతాయి, ఒక మనిషికి నెల స్నానం. ఆపేస్తే చల్లారిపోతుంది, ఆపకపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది.

ఇంకొకటి. 800 లీటర్లంటే 800 కిలోలు. నలుగురు మనుషులు దిగితే వెయ్యి దాటుతుంది. రెండు మీటర్ల వెడల్పు టబ్బు కింద చదరపు మీటరుకు 300 కిలోల పైనే బరువు. మనుషులు తిరిగే మిద్దెకు మన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే లెక్క చదరపు మీటరుకు 150 కిలోల చిల్లర. ఇది కొత్త స్లాబుల మాట. హిందూపురం, పెనుకొండల్లో ఇంకా ఎన్ని ఇళ్ళకు బండల మిద్దెలున్నాయో మీకు తెలుసు. ఇంజనీరును అడిగారా అంటే మగవాళ్ళు నవ్వారు. కింద గదిలో పడుకునేది మా అత్తమ్మ, అందుకే నాకు నవ్వు రాలేదు.

వెచ్చగా నిలవ ఉండే నీళ్ళు సూక్ష్మజీవులకు పండుగ. క్లోరిన్ కాస్త తగ్గితే చాలు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా అనేది సరిగ్గా ఇలాంటి వేడిలోనే పెరుగుతుంది. ఐదేళ్ళలోపు పిల్లలను ఇలాంటి టబ్బుల్లో దించొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీయే చెప్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా దిగకూడదు. టబ్బు ఫోటోల్లో మాత్రం అమ్మా నాన్నా పిల్లలూ అందరూ నవ్వుతూ కూర్చునుంటారు.

సుఖం వద్దనే మనిషిని కాను నేను. వేడినీళ్ళ విలువ ఆడవాళ్ళకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? అసలు ఈ బుడగల స్నానం పుట్టిందే నొప్పి కోసం. ఇటలీ నుంచి కాలిఫోర్నియా వెళ్ళి పంపులు చేసుకుని బతికిన జకూజీ కుటుంబంలో కాండిడో జకూజీ అనే ఆయన కొడుక్కి చిన్నప్పుడే కీళ్ళవాతం వచ్చింది. ఆ పిల్లాడు ఇంట్లోనే ఉపశమనం పొందాలని తొట్టిలో పెట్టుకునే పంపు తయారుచేశారు. 1956లో అది అమ్మకానికి వచ్చింది. పిల్లవాడి మోకాళ్ళ కోసం పుట్టిన వస్తువు తిరిగి తిరిగి మన మిద్దె ఎక్కేసరికి ఏమైంది? గాలి గోడ రెండడుగుల పైన ఎత్తు, పట్టుకుంటే మెత్తగా జారుతుంది. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తమ్మ దాన్ని దాటి లోపలికి దిగలేదు. దిగినా పైకి లేవలేదు. అసలు మేడ మెట్లే ఎక్కలేదు.

ధర్మవరంలో మా పుట్టింట్లో ఒక రాగి గంగాళం ఉంది. మా నాయనమ్మ నాటిది. అడుగున రెండుచోట్ల మాటు వేయించారు, నీళ్ళ పొయ్యి మీద ఇప్పటికీ కూర్చుంటుంది. పట్టు ఉడకబెట్టి జిగురు తీసే ఊరు కదా, వేడినీళ్ళకు ఏ పాత్ర నిలబడుతుందో అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ గంగాళం గొప్పదని మళ్ళీ కట్టెల పొయ్యి ముందు కూర్చోమంటే నేను కూర్చోను. ఆ పొగకు మా అమ్మ కళ్ళు ఎలా అయ్యాయో చూశాను. అందుకే మా తమ్ముడు మిద్దె మీద సోలార్ పెట్టించాడు. మన నీళ్ళకు రాగి గొట్టాలది కాకుండా గాజు గొట్టాలది పెట్టించుకోమన్నారు, అదే పెట్టించాడు. సున్నం దానికీ పడుతుంది, కాకపోతే ఎప్పుడో ఒకసారి మనిషిని పిలిచి కడిగిస్తే సరిపోతుంది. ఎండ మాత్రం మన దగ్గర బాకీ పడదు.

నేను అడుగుతున్నది ఇదే. ఎనభై వేలు పెట్టగలిగితే సోలార్ పెట్టండి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ, కూర్చోవడానికి ఎత్తు పీట, జారని బండలు వేయించండి. అత్తమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వేడినీళ్ళు పోసుకుంటుంది. నాకూ నడుముంది, ఆ పీట నాకూ పనికొస్తుంది. లేదు, టబ్బే కావాలంటారా, సరే. దాని పనులన్నీ ఒక కాగితం మీద రాసి మా ఆయన చేతికిచ్చాను. నింపడం, గాలి చూడడం, వడపోత కడగడం, మందు కలపడం, జిడ్డు తీయడం, నీళ్ళు వదలడం, లోపల దిగి రుద్దడం. ఒక్కొక్క పని పక్కన ఇంట్లో మగవాళ్ళ పేరు రాసి సంతకం పెడితే ఆ రోజే ఆర్డరు పెట్టుకోవచ్చన్నాను. నా పేరు, మా అమ్మాయి పేరు రాయకూడదు.

కాగితం ఇచ్చి నెల దాటింది. సోలార్ మనిషి మాత్రం మొన్న వచ్చి మిద్దె కొలుచుకుని పోయినాడు.