కుళాయి సాక్ష్యము

పాలకుల సత్యసంధతను పరీక్షించుటకు లోకమున కొలబద్దలు పెక్కు కలవు. కొందరు ఎన్నికల ఫలితములను చూపుదురు. మరికొందరు జమాఖర్చుల తనిఖీ నివేదికలను చూపుదురు. సామాన్య గృహస్థునకు వీటన్నిటికంటె చేరువలో ఒక కొలబద్ద కలదు. అది అతని ఇంటి కుళాయి. సభలో ఇచ్చిన మాట సాయంకాలమునకు మరపున పడవచ్చును. అచ్చుపడిన ప్రకటన మరునాటికి పొట్లపు కాగితము కావచ్చును. కుళాయి త్రిప్పినపుడు వచ్చు నీరు మాత్రము ఏ నాయకుని మొగము చూచియు రంగు మార్చుకొనదు. ఈ విషయమును తేటతెల్లముగా చాటిన నగరము అమెరికా సంయుక్త రాష్ట్రముల నైరృతి దిక్కుననున్న టూసాన్. రాజకీయములలోని నిజాయితీకిని, ప్రజలకు జవాబు చెప్పవలసిన బాధ్యతకును, నిత్యజీవిత సౌఖ్యమునకును గల సంబంధమును ఎరుగగోరు ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఆ నగర చరిత్ర ఒక పాఠ్యగ్రంథము వంటిది.

టూసాన్ అరిజోనా రాష్ట్రములో, సొనోరా ఎడారిలో, కొండల నడుమ వెలసినది. అచ్చట సంవత్సరమునకు కురియు వర్షము సుమారు 300 మిల్లీమీటర్లు. కరవునకు పేరుపడిన అనంతపురము సీమలో సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లని తలచినచో, ఆ ఎడారి దాహమెట్టిదో తెలుగు పాఠకునకు సులువుగా బోధపడును. 1940లో ఆ నగర జనసంఖ్య 36 వేలకు లోపు. 1960 నాటికి అది 2 లక్షల 12 వేలు దాటెను. 2020 జనగణనలో 5 లక్షల 42 వేలు దాటెను. ఇంతమంది త్రాగుటకు, తోటలు తడుపుటకు 1992 వరకు భూగర్భ జలమే దిక్కు. వానలు నేలలో నింపునది కొంచెము, నగరము తోడునది ఎక్కువ. నగర మధ్యమున కొన్ని తావులలో నీటిమట్టము 200 అడుగులకు పైగా క్రుంగిపోయెను. ఒకప్పుడు కొన్నిచోట్ల ఏడాది పొడుగునను పారిన సాంటా క్రూజ్ నది ఎండిపోయెను. దాని ఒడ్డున మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టములైన మెస్కీట్ చెట్ల మహావనము వ్రేళ్లకు తడియందక మాడి నశించెను. తాతలు నింపిన గాదెను మనుమలు కొలత లేక ఖాళీచేయుచుండగా, ఆ మాట పైకి చెప్పువాడు ఎవ్వడు?

చెప్పినవారు లేకపోలేదు. 1976లో నగర కౌన్సిలు ఆ చేదు నిజమును ప్రజల యెదుట పెట్టినది. నేలలోని నీరు తరుగుచున్నది. దానిని తోడి మిట్టలపైనున్న ఇండ్లకు ఎక్కించుటకు ఖర్చు పెరుగుచున్నది. కావున వాడుకకును, ఎత్తునకును తగినట్లు మూల్యము చెల్లింపవలెనని నిర్ణయించి నీటి రుసుమును గట్టిగా పెంచినది. మాటలో తప్పులేదు, చెప్పిన తీరులో లోపము కలదు. ప్రజలను ముందుగా కూర్చుండబెట్టి లెక్క వివరించుట జరుగలేదు. వాడుక మిక్కుటమైన మండువేసవిలో పెరిగిన బిల్లులు ఇండ్లకు చేరెను. ఎన్నికైనవారిని గడువు ముగియకమునుపే తొలగించు హక్కు అరిజోనా ఓటర్లకు కలదు. దానిని రీకాల్ అందురు. 1977 జనవరిలో పౌరులు ఆ హక్కును ప్రయోగించి, రుసుము పెంచిన సభ్యులను పదవులనుండి దింపివేసిరి.

ఇక్కడ విద్యార్థులు ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. దిగినవారి స్థానమున వచ్చినవారు పాత రుసుములను తిరిగి తెచ్చిరా? తేలేదు. లెక్కలు చూచిన పిదప వారును పెంపులో అధికభాగమును నిలుపవలసి వచ్చెను. మనుష్యులు మారిరి గాని బావిలోని మట్టము మారలేదు. ప్రజలు జవాబు అడుగుట ధర్మమే. అయితే నిజము చెప్పినవానిని పడగొట్టి, అదే నిజమును ఆచరించువానిని గద్దెపై నిలుపుటలో గల వింతను ఓటరు గుర్తింపవలెను. నిజము పలికినవానికి శిక్షయు, తీయగా మాటలాడినవానికి పల్లకియు లభించు ఊరిలో, తరువాతి నాయకుడు ఏ పాఠము నేర్చుకొనును? సత్యవ్రతము పాలకునికి మాత్రమే నియమము కాదు. వినువానికిని ఓర్పు కావలెను.

ఆ దెబ్బనుండి నగరము ఒక మంచి బుద్ధి నేర్చినది. 1977లోనే ‘బీట్ ది పీక్’ అను ప్రచారము మొదలయ్యెను. వేసవి సాయంకాలములందు అందరును ఒక్కమారుగా తోటలకు నీరు పెట్టినచో, ఆ కొద్ది గంటల గిరాకికై నగరము కోట్లు వెచ్చించి క్రొత్త బావులు, పంపులు, గొట్టములు సిద్ధపరుపవలసి యుండును. కావున సాయంకాలము 4 గంటలనుండి 8 గంటలవరకు తోటలు తడుపవద్దనియు, దినము విడిచి దినము మాత్రమే తడుపుడనియు కోరిరి. బెదిరింపు లేదు, కారణము చెప్పిరి, ఖర్చు చూపిరి. జనులు విని ఆచరించిరి. పచ్చిక బయళ్లను విడిచి ఎడారి మొక్కలను, నాగజెముడు జాతులను ముంగిట పెంచుట ఆ నగరమున గౌరవనీయమైన అలవాటుగా మారినది. కారణము తెలిసినచో కష్టమును సహింతురని ఈ ప్రచారము రుజువు చేసినది.

1980లో అరిజోనా రాష్ట్రము భూగర్భజల నిర్వహణ చట్టమును చేసెను. టూసాన్ ప్రాంతమున 2025 నాటికి తోడునది నేలకు చేరుదానిని మించరాదని అది లక్ష్యము నిర్దేశించినది. ఈ లక్ష్యమునకు ప్రధానాధారము కొలరాడో నది. 1968లో అమెరికా కాంగ్రెసు ఆమోదించిన సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు క్రింద 336 మైళ్ల కాలువ త్రవ్వి, నీటిని సుమారు 2,900 అడుగుల ఎత్తునకు పంపులతో ఎక్కించి, టూసాన్‌కు చేర్చిరి. ఇంజనీర్ల శక్తికి ఇది గొప్ప నిదర్శనము. 1992 నవంబరులో ఆ నీరు శుద్ధి కేంద్రమునుండి నగరములోని వేలాది ఇండ్లకు ప్రవహించినది. అంతట కుళాయి తన సాక్ష్యము చెప్పినది.

వచ్చినది ఎర్రని, గోధుమవన్నె నీరు. స్నానపు తొట్లు, ఉతికిన బట్టలు తుప్పు మరకలతో నిండినవి. పాత గొట్టములు చిల్లులు పడినవి. నీరు కాచు పరికరములు చెడినవి. దీనికి కారణము శాస్త్రజ్ఞులకు అంతుపట్టనిది కాదు. దశాబ్దముల తరబడి బావినీరు పారిన ఇనుప గొట్టములలో, పాత కాగు లోపల చిలుము పేరుకొనినట్లు, తుప్పును పొరలును గట్టిపడి యుండెను. నదీజలములో కరగిన లవణములు అధికము. దాని రసాయన స్వభావమే వేరు. అది ఆ పొరలను కదల్చినది. బావులు నగరమంతట నుండగా క్రొత్త కేంద్రము ఒక ప్రక్కన నుండుటచే, కొన్ని గొట్టములలో ప్రవాహపు దిశయు మారి తుప్పు మరింత రేగినది. గొట్టములను ముందుగా పరీక్షించి, కొద్దికొద్దిగా నీటిని మార్చి చూచియున్నచో ఈ కీడు చాలవరకు తప్పియుండెడిది.

గొట్టము పగులుట ప్రమాదము, మరమ్మతు చేయవచ్చును. నమ్మకము పగులుట వేరు. నీరు ఆరోగ్య ప్రమాణములకు లోబడియే యున్నదని అధికారులు చెప్పుచు వచ్చిరి. ఆ మాట కాగితముపై సరియే కావచ్చును. కాని గృహిణి చేతిలోని గ్లాసులో ఎర్రనీరు కనబడుచుండగా ప్రమాణపత్రము చదివి వినిపించుట, ఆకలిగొన్నవానికి వంటల పుస్తకము చేతికిచ్చుట వంటిది. ‘పొరపాటు మాది, కారణమిది, పరిహారమిది’ అను మూడు మాటలు మొదటి వారములోనే వినబడవలసినవి. అవి ఆలస్యమయ్యెను. తుదకు నగరము నష్టపరిహారములు చెల్లింపవలసి వచ్చెను. 1994లో నదీజల సరఫరా నిలిపివేయవలసి వచ్చెను. 1995 నవంబరులో ఓటర్లు 200వ ప్రతిపాదనను ఆమోదించిరి. నేరుగా కుళాయిలలోనికి నదీజలము వదలరాదు. బావినీటితో సమానమైన గుణము వచ్చునట్లు శుద్ధిచేసిననే వదలవలెనని అది శాసించినది. దానిని రద్దుచేయుటకు 1997లో వచ్చిన ప్రతిపాదనను కూడ ఓటర్లు త్రోసిపుచ్చిరి. కోట్ల డాలర్ల కాలువ నగరపు గుమ్మమువరకు వచ్చి నిలిచియుండగా, నగరము మరల తన క్రుంగిన బావులనే ఆశ్రయించినది. విశ్వాసము నశించినచో నది కూడ నిరుపయోగమే.

దారి చూపినది నేలతల్లియే. నగరమునకు పడమట ఆవ్రా లోయలో విశాలమైన చెరువులు నిర్మించి, కొలరాడో నీటిని వానిలో నింపి నేలలోనికి ఇంకజేసిరి. ఇంకిన నీరు భూగర్భ జలముతో కలిసి, ఆ మిశ్రమము బావులద్వారా పైకి వచ్చును. వెనుకటి తప్పును నగరము ఈమారు చేయలేదు. మిశ్రమ జలమును ముందుగా సీసాలలో పోసి ప్రజలచేత రుచి చూపించిరి, ఎన్నుకొనిన కొన్ని పేటలలో ప్రయోగించి, అచ్చటివారి అభిప్రాయములను సేకరించిరి, గొట్టములను పరీక్షించిరి. 2001 మే నెలలో ఆ నీరు ఇండ్లకు చేరెను. ఈమారు కుళాయి వేరు సాక్ష్యము చెప్పినది. నది అదియే, ఎడారి అదియే, పౌరులును వారే. మారినది పాలకులు పౌరునితో మాటలాడిన పద్ధతి.

ఫలితము కన్నులయెదుట కలదు. జనసంఖ్య ఎంతో పెరిగినను, ఆ నగరము మొత్తముమీద వాడు నీరు 1980ల నాటి పరిమాణమునకు సమీపముననే నిలిచినది. నగర మధ్యమున క్రుంగిన నీటిమట్టము పలుచోట్ల మరల పైకి వచ్చినది. 2021 ఆగస్టులో కొలరాడో నదికి చరిత్రలో మొదటిసారిగా కేంద్రప్రభుత్వము నీటికొరత ప్రకటించి, 2022లో అరిజోనా వాటాలో 5 లక్షల 12 వేల ఎకరపుటడుగులు కోసినపుడు, అనేక నగరములు కలవరపడెను. నేలలో దాచిన నీరు టూసాన్‌కు ధైర్యము నిచ్చినది.

అయితే నిజాయితీ ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొను సొమ్ము కాదు. 2025లో నగర సమీపమున ‘ప్రాజెక్ట్ బ్లూ’ అను పేరుతో ఒక బృహత్తర డేటా సెంటర్ నిర్మాణము ప్రతిపాదింపబడెను. కోట్లాది సమాచారములను భద్రపరచు యంత్రశాలను డేటా సెంటర్ అందురు. ఆ యంత్రముల వేడిని తగ్గించుటకు నీరు, నడుపుటకు విద్యుత్తు విశేషముగా కావలెను. ఉద్యోగములు వచ్చుననియు, నీటి లోటును పూడ్చుదుమనియు నిర్మాతలు వాగ్దానము చేసిరి. కాని ఆ కట్టడమును తుదకు వాడుకొనబోవు సంస్థ ఏదో ప్రజలకు చెప్పుటకు గోప్యతా ఒప్పందములు అడ్డుపడెను. ఎవరికి ఇచ్చుచున్నారో చెప్పకయే ఎడారి నీటిని ఇమ్మనుట ఎట్లు సాధ్యము? పౌరులు సభాభవనములు నింపి ఈ ప్రశ్ననే అడిగిరి. ఆగస్టు 6వ తేదీన నగర కౌన్సిలు ఏకగ్రీవముగా ఆ ప్రతిపాదనను తిరస్కరించెను. దానితో ఆ ప్రయత్నము అంతము కాలేదు. నగర జలముతో పనిలేని మరియొక పద్ధతిన దానిని నగరపు హద్దు వెలుపల సాగించుటకు నిర్మాతలు పూనుకొనిరి. ఉద్యోగములు వలదని ఏ పౌరుడును అనడు. లాభనష్టముల లెక్కలో సగము కప్పిపెట్టి మిగిలిన సగము చూపుట మాత్రము ఆ ఊరివారికి పాత గాయమును జ్ఞప్తికి తెచ్చినది.

ఈ యేబది సంవత్సరముల కథలో ధర్మరాజులును దుర్యోధనులును వేరువేరుగా కానరారు. 1976 నాటి సభ్యులది సత్యము, వారికి లేనిది ఓపిక. 1977 నాటి ఓటర్లది హక్కు, వారికి లేనిది విచారణ. 1992 నాటి అధికారులది సదుద్దేశము, వారికి లేనిది వినయము. 2001లో ఇవన్నియు ఒక్కచోట కూడినవి. కావుననే నీరు తేటపడినది. సత్యమును చెప్పుట ఎంత ముఖ్యమో, సకాలమున, లెక్కలతో, వినువానిని గౌరవించి చెప్పుటయు అంత ముఖ్యము. జవాబు అడుగుట ఎంత ముఖ్యమో, జవాబు చేదుగానున్నను వినుటయు అంత ముఖ్యము.

పౌరశాస్త్రమును బోధించు ఉపాధ్యాయుడు పాలనాంగముల పేర్లు వల్లెవేయించుటతో తన పని ముగిసినదనుకొనరాదు. బడి ఆవరణలోని కుళాయి వద్దకు పిల్లలను కొనిపోయి, ‘ఈ నీరు ఎక్కడనుండి వచ్చుచున్నది? ఎంత లోతునుండి తోడుచున్నారు? ఖర్చు ఎవరు భరించుచున్నారు? చెడినచో ఎవరిని అడుగవలెను?’ అని ప్రశ్నింపజేయవలెను. ఆ ప్రశ్నలకు జవాబు వెదకిన బాలుడు రేపు ఓటరైనపుడు తీపిమాటలకు లొంగడు, చేదు నిజమునకు కోపింపడు. అట్టి పౌరులున్న ఊరిలో పాలకుడు నిజము చెప్పుటకు జంకడు. ఎడారిలోనైనను, నదీతీరమునైనను, కుళాయిలో తేటనీరు రావలెనన్నచో ముందుగా మాట తేటపడవలెను.