మోకాలిలో నెలవంక

మా చిట్టమూరులో మోకాలి నొప్పి ఎవరికొచ్చినా డయాగ్నసిస్ ఒకటే: "గుజ్జు అరిగిపోయింది." డాక్టర్ దాకా పోనక్కర్లేదు, టీ కొట్టు దగ్గరే తేల్చేస్తారు. నిజానికి అక్కడ ఉండేవి రెండు రకాలు. ఎముకల చివర్లకు నున్నగా అంటుకుని ఉండే పొర ఒకటి. ఆ ఎముకల మధ్య లోపలివైపొకటి, బయటివైపొకటి నెలవంక ఆకారంలో కూర్చునే మెత్తలు ఇంకోటి. వీటినే మెనిస్కస్ అంటారు. గ్రీకులో ఆ మాటకు అర్థం కూడా నెలవంకే.

నా కుడి మోకాలిలో బయటి నెలవంకలో కొంత లేదు. బీటెక్ థర్డ్ ఇయర్‌లో వాలీబాల్ ఆడుతూ ఎగిరి దిగేటప్పుడు కాలు మెలిపడింది. చిన్న రంధ్రాలు పెట్టి చిరిగిన ముక్క తీసేశారు. కొన్ని వారాలకు మామూలుగా నడిచా. ఇంట్లో అందరూ మర్చిపోయారు.

కుట్టొచ్చు కదా అంటారా? బయటి అంచుకే రక్తం అందుతుంది, అక్కడ చిరిగితే కుడితే అతికే అవకాశం ఎక్కువ. లోపలి భాగానికి రక్తనాళాలే లేవు. అందుకే చాలాసార్లు కోసేస్తారు. కోసింది తిరిగి రాదు. ప్రొడక్షన్‌లో డిలీట్ కొట్టినట్టే, బ్యాకప్ లేదు. "గుజ్జు పెంచే" మాత్రల యాడ్ రీల్స్‌లో వస్తే నేనైతే స్కిప్ కొడతా.

ఒకప్పుడు సర్జన్లే దీన్ని పనికిరాని ముక్క అనుకుని మొత్తం తీసేసేవాళ్లు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే బ్రిటిష్ సర్జన్ అలాంటివాళ్ల ఎక్స్‌రేలు చూశాడు. కీలు మధ్య ఖాళీ తగ్గింది, ఎముక అంచు గట్టులా పెరిగింది, తొడ ఎముక చివర చదునైంది. బరువును పరిచి పంచే మెత్త పోతే, అదే బరువు చిన్న చోట పడుతుంది మరి. 1998లో వచ్చిన స్వీడన్ స్టడీలో, మొత్తం తీయించుకున్న 21 ఏళ్లకు ఎక్స్‌రేలో ఆర్థరైటిస్ కనిపించే రిస్క్ మిగతావాళ్ల కంటే 14 రెట్లు ఉంది. కంగారు పడకండి, అది మొత్తం పోయినవాళ్ల లెక్క. ఇప్పుడు వీలైనంత ఉంచేస్తున్నారు. కాకపోతే బయటి నెలవంక పోతే లోపలిదాని కంటే నష్టం ఎక్కువ. అందుకే ఏ వైపు, ఎంత తీశారో డిస్చార్జ్ సమ్మరీలో చూడండి. ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత డాక్టర్ మొదట అడిగేది అదే.

మా మామ దగ్గర ఈ లెక్కలు చెల్లవు. "గోపీచంద్ చూడరా, మోకాలికి అన్ని ఆపరేషన్లయ్యాక ఆల్ ఇంగ్లండ్ కొట్టలా?" అంటాడు. కొట్టాడు మామా, 2001లో. దెబ్బ తగిలింది 1994లో. ఆ మధ్య ఏళ్లలో ఆయన కాలికి చేసిన కసరత్తులో పదో వంతు నేను చేస్తే చాలు. ఎందుకంటే పోయిన మెత్త పనిని కొంతవరకు మోసేది తొడ ముందు కండరమే. రోజంతా కుర్చీలో కోడ్ రాసేవాడికి మొదట సన్నబడేదీ అదే! బరువు సంగతీ అంతే, ఒక కేజీ తగ్గితే అడుగడుగునా మోకాలి మీద సుమారు నాలుగు కేజీల భారం తగ్గుతుందని 2005లో ఒక స్టడీ చెప్పింది. సైకిల్, ఈత ఫర్వాలేదు. గొంతుక్కూర్చోవడం తగ్గించా. మర్నాడు మోకాలు ఉబ్బిందంటే నిన్న చేసింది ఎక్కువైందని గుర్తు.

ఇప్పుడు అసలు పేచీ మా అమ్మతో. ఆపరేషన్ రోజే మొక్కుకుందట, కాలు బాగైతే నన్ను కొండకు నడిపించుకొస్తానని. అలిపిరి నుంచి 3,550 మెట్లు, చివర్లో మోకాళ్ల పర్వతం.

"అక్కడ మోకాళ్ల మీద కూడా ఎక్కాలా అమ్మా?"

"నడిస్తే చాల్లే నాయనా, స్వామికి తెలీదా."

ఫిజియోను అడిగా. మెట్లు ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడే మోకాలికి దెబ్బ ఎక్కువట. మూడు నెలలు తొడ కండరం పెంచి, ఆగి ఆగి ఎక్కమన్నాడు. దిగేది మాత్రం బస్సులో. అమ్మ ఒప్పుకుంది, మొక్కు ఎక్కడానికే గానీ దిగడానికి కాదంట.