నెత్తురు ఎవరి సాక్షి?

డి.ఎన్‌.ఎ. పరీక్ష వచ్చింది, యిక నేరస్థుడు తప్పించుకోలేడని మురిసిపోయేవారున్నారు. విజ్ఞానశాస్త్రం పోలీసు చేతికి కొత్త లాఠీ నిచ్చిందన్నట్టుంది వీరి సంబరం. కాని హత్యకేసులో అడుగుపెట్టిన తొలిసారే ఆ పరీక్ష ఒక నిర్దోషిని విడిపించింది. యీ సంగతి వీరికి గుర్తులేదు.

ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో 1983లో ఒకరు, 1986లో మరొకరు, యిద్దరు పదిహేనేళ్ల బాలికలు హత్యకు గురయ్యారు. ఆసుపత్రి వంటశాలలో చాకిరీ చేసే పదిహేడేళ్ల కుర్రవాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. రెండో హత్య తానే చేశానని అతడు ఒప్పుకున్నాడు. మొదటిదీ అతడి మెడకే చుట్టాలని వారు అలెక్ జెఫ్రీస్‌ను ఆశ్రయించారు. డి.ఎన్‌.ఎ.లో కొన్నిచోట్ల ఒకే ముక్క పదేపదే వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. యీ తేడాలను పట్టి మనిషిని గుర్తించే పద్ధతిని 1984లో కనిపెట్టినవాడాయన. రెండు నేరాలూ ఒక్కడివే, ఆ ఒక్కడు యీ కుర్రవాడు కాడని ఆయన తేల్చాడు.

మరి చేయని హత్యను ఎందుకు ఒప్పుకున్నాడు? ఠాణాగోడల మధ్య దిక్కులేనివాడి నోట ఏ మాటైనా పలుకుతుంది. పోలీసుల ఎదుట చేసిన ఒప్పుకోలు చెల్లదని మన సాక్ష్యచట్టం చెప్పడం ఊరికే కాదు.

తర్వాత 5,000 మందికి పైగా మగవాళ్లను పరీక్షించారు. ఎవరిదీ సరిపోలేదు. రొట్టెల బట్టీలో పనిచేసే అసలు హంతకుడు తనకు బదులు తోటిపనివాణ్ణి పంపాడు. ఆ గుట్టు సారాదుకాణపు కబుర్లలో బయటపడింది. విన్న ఒక స్త్రీ పోలీసులకు చెప్పింది. 1987లో పట్టుబడ్డాక పరీక్ష సరిపోయింది. 1988లో యావజ్జీవశిక్ష పడింది. ఆమె నోరు విప్పకుంటే ప్రయోగశాల ఏం చేసేది?

నెత్తురుబొట్టు ఎవరిదో పరీక్ష చెబుతుంది. అదక్కడికి ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో చెప్పదు.

యీ విద్య మనకు కొత్తది కాదు. 1988లోనే హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీసింగ్ స్వదేశీ పద్ధతిని రూపొందించాడు. అధికారం ఎవరిదన్నదే ప్రశ్న. 2022 చట్టం అరెస్టయినవారి కొలతలు, శరీర నమూనాలు తీసే అధికారాన్ని పోలీసులకిచ్చింది. రికార్డును 75 ఏళ్లు దాచమన్నది. డి.ఎన్‌.ఎ. కోసమే తెచ్చిన 2019 బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు.

విజ్ఞానానికి వర్గం లేదంటారు. కావచ్చు, ప్రయోగశాల తాళంచెవి మాత్రం ఎవరో ఒకరి మొలలోనే ఉంటుంది. పోలీసుల అదుపులో లేని ప్రయోగశాల కావాలి. పైసా ఖర్చు లేకుండా తిరిగి పరీక్ష చేయించుకునే హక్కు పేద ముద్దాయికి కావాలి. విద్యార్థులూ ఉపాధ్యాయులూ అడగవలసింది యిది. ఆ వంటశాల కుర్రవాణ్ణి కాపాడిన శాస్త్రం అలాంటివాళ్లందరికీ అందేదాకా మన సంబరం అరువుదే.