కంప్యూటరు పొరపడదా?

తెలుగు మేష్టార్ని కమిటీలో వెయ్యడం మా కాలేజీలో రెండే సందర్భాల్లో జరుగుతుంది. మొదటిది, వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం వ్రాయించవలసి వచ్చినప్పుడు. రెండోది, సంతకం పెట్టడానికి మరెవరూ ముందుకు రానప్పుడు. నిరుడు మార్చిలో నన్ను వేసింది రెండో రకం కమిటీలో.

సంగతి ఇది. అంతకు రెండేళ్ళ క్రితం మా యాజమాన్యం వారికి డిజిటల్ అయిపోవాలని బుద్ధి పుట్టింది. పక్క కాలేజీవారు అయ్యారుట. మనం కాకపోతే పరువేం కాను? ఫీజులు, హాజరు, మార్కులు అన్నీ కంప్యూటరు ఎక్కాయి. ఎక్కించినవారు హైదరాబాదులో ఎక్కడో ఉంటారు. మాకు తెలిసిందల్లా వారి ఫోను నంబరు. నిరుడు లెక్కలు మూసేవేళ, కంప్యూటరు ప్రకారం పెట్టెలో ఉండవలసిన సొమ్ముకీ, ఉన్న సొమ్ముకీ 18,400 రూపాయలు తేడా వచ్చింది. పెట్టె తాళం మా క్యాషియరుగారి దగ్గర ఉంటుంది. ఆయనది 26 ఏళ్ళ సర్వీసు. జూన్‌లో రిటైరు కావాలి.

విచారణ గంటలో అయిపోయింది. “మనిషి పొరపడతాడు గాని కంప్యూటరు పొరపడదు కదండీ” అన్నారు కామర్సు మేష్టారు. క్యాషియరుగారు కూర్చోమన్నా కూర్చోలేదు. జేబులోంచి ఒక కవరు తీసి బల్లమీద పెట్టారు.

“ఇందులో పదివేలున్నాయి బాబూ. తక్కినది జీతంలో కోసుకోండి. వెళ్ళిపోయేముందు నామీద మాట రాకుండా చూడండి” అన్నారు.

ఆయన వెళ్ళాక సూపరింటెండెంటుగారు “ఇంకేం, ఒప్పుకున్నట్టేగా!” అన్నారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. తియ్యనివాడు ఎందుకు కడతాడు? రిపోర్టు మంచి తెలుగులో వ్రాసి మర్నాడు సంతకం పెడదామనుకుని ఇల్లు చేరాను.

కాఫీ తాగుతూ మా ఆవిడకి చెప్పాను. ఆవిడ గ్లాసు అందుకుంటూ, “ఇంగ్లండులో ఆ పోస్టాఫీసులవాళ్ళు కూడా ఇలాగే చేతి సొమ్ము తెచ్చి కట్టారని మీరే కదుటండీ చెప్పారు?” అంది.

నాకు కాఫీ గొంతు దిగలేదు.

ఆ కథ తెలియనివారికోసం క్లుప్తంగా చెబుతాను. బ్రిటనులో చిన్న పోస్టాఫీసులు చాలావరకు చిల్లరకొట్లలోనే ఉంటాయి. కొట్టు నడిపేవారే సబ్ పోస్టుమాస్టరు. లెక్కలో తరుగు వస్తే వారే పూడ్చాలని పోస్టాఫీసువారి పట్టు. 1996లో అక్కడ పింఛన్లూ భత్యాలూ కార్డుమీద చెల్లించడానికీ, పోస్టాఫీసు పనులకీ కలిపి ఒక కంప్యూటరు పథకం తలపెట్టి, ఫుజిట్సు కిందనున్న ఐ.సి.ఎల్. కంపెనీకి అప్పగించారు. 1999లో భత్యాల శాఖ తప్పుకుంది. కార్డు పోయింది, యంత్రం మిగిలింది. ఇద్దరి కొలతలకి కుట్టిన చొక్కాను ఒక్కడికి తొడిగినట్టు, దాన్ని పోస్టాఫీసులకి తగిలించారు. దాని పేరు హొరైజన్.

అది వచ్చిన దగ్గర్నుంచీ కొన్నిచోట్ల లెక్కల్లో తరుగులు పుట్టుకొచ్చాయి. సహాయానికి ఫోను చేస్తే, “ఇలా జరుగుతోంది మీ ఒక్కరికే” అన్న జవాబు ఎందరికో వచ్చింది. ఎక్కడో ఉన్న రెండోవాడి సంగతి మొదటివాడికి తెలియదు కదా! ఇల్లు తాకట్టు పెట్టి కొందరు, చుట్టాల దగ్గర చేబదులు తెచ్చి కొందరు, లేని అప్పు తీర్చారు. తీర్చలేనివారిని కోర్టుకి ఈడ్చారు. ఎక్కువ కేసుల్లో సొమ్ము పోయిందన్నదీ పోస్టాఫీసే, దర్యాప్తు చేసిందీ పోస్టాఫీసే, ప్రాసిక్యూషను నడిపిందీ పోస్టాఫీసే. 1999 నుంచి 2015 దాకా 900 మందికి పైగా దోషులుగా నిలబడ్డారు.

వారిలో మన దేశంలో పుట్టిన ఆవిడ ఒకరున్నారు, సీమా మిశ్రా. సర్రీ జిల్లాలోని వెస్ట్ బైఫ్లీట్‌లో పోస్టాఫీసు నడిపేవారు. 74 వేల పౌన్లు దొంగిలించిందని 2010 నవంబరులో 15 నెలల శిక్ష వేశారు. అప్పుడావిడ గర్భవతి. ఆనాడే పెద్దకొడుకు పదో పుట్టినరోజు.

కోర్టు ఎలా నమ్మిందంటారా? కంప్యూటరు కాగితాన్ని సాక్ష్యంగా తేవాలంటే ఆ యంత్రం సరిగా పనిచేస్తోందని ముందు చూపించాలని 1984 నాటి చట్టం అక్కడ ఒక షరతు పెట్టింది. 1999 నాటి చట్టం ఆ షరతును తీసేసింది. ఆపైన యంత్రం సరిగానే ఉందని కోర్టు ముందుగా అనుకుంటుంది. కాదనేవాడే చూపించుకోవాలి. కొట్లో ఉప్పూ పప్పూ అమ్ముకునేవాడు కంప్యూటరు కడుపులో ఏముందో ఎక్కణ్ణించి చూపిస్తాడు?

చివరికి ఆలన్ బేట్స్ అనే మాజీ సబ్ పోస్టుమాస్టరు పట్టు విడవకుండా 555 మందిని కూడగట్టి దావా వేశారు. శాఖల లెక్కలను అక్కడివారికి తెలియకుండా బయటినుంచి ఎవరూ మార్చలేరని పోస్టాఫీసు ఏళ్ళ తరబడి అంటూ వచ్చింది. ఫుజిట్సువారు మార్చగలరని ఆ దావాలో తేలింది. హొరైజన్ నమ్మదగిన యంత్రమన్న వాదం భూమి బల్లపరుపుగా ఉందనడంలాంటిదని 2019 డిసెంబరులో న్యాయమూర్తి తీర్పులో వ్రాశారు. 2021 ఏప్రిల్లో సీమా మిశ్రాతో సహా 39 మంది శిక్షలు కొట్టేశారు. 2024లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేసి తక్కిన వందలాది మంది శిక్షలు రద్దు చేసింది. కొందరు అప్పటికి బ్రతికి లేరు.

మర్నాడు పొద్దున్నే క్యాషియరుగారి గదికి వెళ్ళాను. “కంప్యూటరు కాకుండా మీ దగ్గర ఇంకేమైనా వ్రాత ఉందా?” అని అడిగాను. ఆయన కాస్త సిగ్గుపడుతూ సొరుగులోంచి చిట్టా పుస్తకం తీశారు. ఎవరూ అడక్కపోయినా, అలవాటుకొద్దీ ఏరోజు వసూలు ఆరోజు చేత్తో వ్రాసుకుంటున్నారు. మూడు సాయంత్రాలు కూర్చుని రెండూ సరిచూశాం. నలుగురు పిల్లలు ఒకే రోజున, రెండేసి నిమిషాల తేడాతో, 4,600 రూపాయల ఫీజు రెండేసిసార్లు కట్టినట్టు కంప్యూటరులో ఉంది. నాలుగు నాలుగువేల ఆరువందలు పద్ధెనిమిదివేల నాలుగువందలు. జరిగిందేమిటంటే, మీట నొక్కగానే ఇంటర్నెట్టు పోయింది, రసీదు రాలేదు. ఆయన మళ్ళీ నొక్కారు. రసీదు ఒకటే వచ్చింది గాని, కంప్యూటరు రెండూ వ్రాసుకుంది.

హైదరాబాదుకి ఫోను చేశాను. అవతలి అబ్బాయి తేలిగ్గా నవ్వి, “డబుల్ ఎంట్రీలా సార్! నంబర్లు చెప్పండి, ఇక్కణ్ణించే తీసేస్తాను” అన్నాడు. సంతోషించవలసిన మాటే, కాని నాకు భయం వేసింది. అక్కణ్ణించి తియ్యగలవాడు అక్కణ్ణించి పెట్టనూ గలడు. అతను తీసినట్టు మా దగ్గర ఏ గుర్తూ మిగలదు.

ఇందులో తప్పెవరిది? కంప్యూటరు చేసినవారిదా, కొన్నవారిదా, రెండేళ్ళపాటు సరిచూడని మాదా? తిలాపాపం తలా పిడికెడు అన్నారు. పాపం పంచుకోవడానికి అందరం ఉన్నాం. జవాబు చెప్పడానికి మాత్రం జేబులో కవరుతో ఒక్కడే నిలబడ్డాడు.

పెద్ద కంపెనీలవాళ్ళు “ఐటీ గవర్నెన్స్” అనే దానిలో ఉన్న సారం ఇంతే. అది కంప్యూటరువాళ్ళ పని కాదు, పెద్దల పని. 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనికోసం 38500 నంబరుతో ఒక ప్రమాణం ప్రకటించి, ఆరు సూత్రాలు పెట్టింది. బాధ్యత, వ్యూహం, కొనుగోలు, పనితీరు, నియమపాలన, మనుషుల నడవడి. అన్నిటికంటె ముందు బాధ్యతను పెట్టారు, గమనించండి. ఆ యంత్రం మనకెందుకో తేల్చుకోవాలి. దానిమీద ఎవరి చెయ్యి నడుస్తుందో తెలియాలి. అది సరిగా నడుస్తోందో లేదో సంస్థ నడిపేవారే కనిపెట్టి ఉండాలి. కోడలికి తాళాలిచ్చినా అత్తగారు బియ్యండబ్బా మూత తీసి చూసుకుంటుంది కదా, అలాగన్నమాట.

రిపోర్టు నేనే వ్రాశాను. కింద నాలుగు కోరికలు చేర్చాను. బయటినుంచి ఎవరు లెక్క ముట్టుకున్నా పేరూ, వేళా నమోదు కావాలి. నెలకోసారి చేతిలెక్కతో సరిచూడాలి. “కంప్యూటరు తప్పు” అని గుమాస్తా అంటే వినడానికి ఒక మనిషి ఉండాలి. తేడా వస్తే విచారణ అయ్యేదాకా ఎవరి జీతమూ కొయ్యకూడదు. “ఇవన్నీ అవసరమా మేష్టారూ?” అంటూనే యాజమాన్యంవారు మూడింటికి ఒప్పుకున్నారు. మొదటిదానికి ఖర్చవుతుందట, వచ్చే మీటింగులో చూస్తామన్నారు. ఆ మీటింగు ఇంకా రాలేదు. మీ ఆఫీసులోనో, బ్యాంకులోనో, పిల్లల బడిలోనో ఇలాటి యంత్రం ఉండే ఉంటుంది. అది తప్పు చెబితే ఎవరితో చెప్పుకోవాలో ఒకసారి అడిగి చూడండి.

కవరు నేనే తిరిగి ఇచ్చాను. “మీరు ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, తీసుకోండి” అన్నాను. క్యాషియరుగారు కళ్ళు తుడుచుకుని, నా ఎదురుగానే నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.